మరలో రాయి

రొమ్ము క్యాన్సర్‌కు కీమో చేయించుకునే ఇళ్లలో తరచుగా వినపడే మాట ఒకటుంది. "మొదటి రెండు మూడు సైకిళ్లకు గడ్డ సగానికి సగం తగ్గిందండీ. ఆ తరవాత మందు పనిచెయ్యడం మానేసింది." సైకిల్ అంటే ఒక విడత కీమో. ఇంకో ఇంట్లో, "మా అమ్మకి ఆ మందు పడలేదు" అంటారు. కొందరు డాక్టరు గారి హస్తవాసి మీదికి తోస్తారు. కొందరు ఒంటికి మందు అలవాటైపోయిందంటారు.

ఇవేవీ సరైన మాటలు కావు. మందు మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఒళ్లూ ఆ ఒళ్లే. మారింది కణితి. ఆ కణితిలో ఏం మారింది, ఎలా మారింది, అది తెలిస్తే మనం ఇంట్లో చెయ్యాల్సిన పనేమిటి, ఇదీ ఇవాళ నేను చెప్పబోయేది. ఆ పని చిన్నదే కాబట్టి ముందే చెప్పేస్తాను. కీమో తేదీ తప్పకూడదు. మోతాదు మనంతట మనం తగ్గించుకోకూడదు. ఎందుకలాగ? ఆ ఎందుకు కోసమే ఈ ప్రసంగం.

ముందు భీమవరం నుంచి మొదలుపెడదాం. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మద్రాసులో వైద్యం చదివారు. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. ఆయన అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బులో పనికొచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్‌ను తయారుచెయ్యడం ఆయన బృందం సాధించిన పనుల్లో ఒకటి. గర్భిణులకు ఇస్తారు చూడండి, ఆ మాత్ర.

అదే కాలంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లలకు వచ్చే రక్తక్యాన్సర్ మీద పనిచేస్తున్నారు. ఫోలిక్ యాసిడ్ లాంటి పదార్థాలు ఇస్తే ఆ పిల్లల్లో క్యాన్సర్ కణాలు ఇంకా జోరుగా పెరుగుతున్నట్టు ఆయనకు కనిపించింది. మరైతే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందు ఇస్తే? అలాంటి మందు సుబ్బారావు గారు నడిపించే ప్రయోగశాలల్లోనే తయారైంది. దాని పేరు అమినోప్టెరిన్. 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. కొంతకాలమే. కానీ అంతకుముందు ఆ మాత్రం కూడా ఎవరూ చూసి ఉండలేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌ను కొద్దిగా మార్చితే వచ్చిన మందు మెథోట్రెక్సేట్. కీళ్లవాతం ఉన్నవాళ్లు వారానికి ఒక్కసారి మింగేది ఇదే. వారానికి ఒక్కసారి అన్నాను, రోజూ అనలేదు. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఇక మన విషయానికి వస్తే, ఈ మందు రొమ్ము క్యాన్సర్ మీద కూడా పనిచేస్తుందని 1951లో న్యూయార్కులో జేన్ రైట్ అనే డాక్టరమ్మ చూపించారు. గట్టి గడ్డగా పెరిగే క్యాన్సర్లు మందుకు కరగడమంటే అప్పటికి చాలా కొత్త సంగతి.

ఇప్పుడు అసలు కిటుకు చూద్దాం. మన ఒంట్లో ప్రతి కణంలోనూ వేలకొద్దీ ఎంజైములు ఉంటాయి. ఎంజైమ్ అంటే పిండిమర అనుకోండి. మీలో కొందరు గిర్ని అంటారు, అదే. ఒక వైపు గింజలు పోస్తాం, రెండో వైపు పిండి వస్తుంది. మర మాత్రం అరిగిపోదు, మళ్లీ ఇంకో కుంచం పొయ్యమంటుంది. కణంలో మరలు రకరకాలు. మిరపకాయలు ఆడించే మర వేరు, బియ్యం పట్టించే మర వేరు అయినట్టే, ఒక్కో ఎంజైమ్‌కు ఒక్కో పని.

మెథోట్రెక్సేట్ కన్నేసిన మర పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. పేరు పొడుగు, మర్చిపోయినా ఫరవాలేదు. ఫోలేట్ మర అందాం. ఈ మర ఫోలేట్‌ను ఆడించి, కొత్త డీఎన్‌ఏ కట్టుకోవడానికి కావాల్సిన సరుకు అందేలా చేస్తుంది. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏ రెట్టింపు కావాలి. డీఎన్‌ఏ రెట్టింపు కావాలంటే ఈ మర ఆడాలి. క్యాన్సర్ కణం చీలుతూనే ఉంటుంది కాబట్టి దాని మరకు తీరిక ఉండదు.

మెథోట్రెక్సేట్ చూడ్డానికి అచ్చం ఫోలేట్‌లాగే ఉంటుంది. గింజల్లో గింజలాగా కనిపించే రాయి అన్నమాట. గింజే అనుకుని మర దాన్ని నోట్లోకి తీసుకుంటుంది. రాయి ఇరుక్కుంటుంది. అసలు గింజ కంటే వెయ్యి రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మర ఆగిపోతుంది. పిండి లేదు, కొత్త డీఎన్‌ఏ లేదు, కణం చచ్చిపోతుంది. పేగుల్లోనూ నోట్లోనూ వెంట్రుకల మొదట్లోనూ ఉండే మంచి కణాలు కూడా జోరుగా చీలేవే. అందుకే కీమోలో నోరు పూస్తుంది, జుట్టు ఊడుతుంది. మంచి మరలోనూ రాయి పడిందన్నమాట. అవి తేరుకుంటాయి.

మరి ఇంత చక్కగా పనిచేసే రాయి, కొన్నాళ్లకు ఎందుకు పనిచెయ్యదు?

ఈ ప్రశ్నకు 1978లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ షిమ్‌కీ, ఆయన సహచరులు చెప్పిన జవాబు శాస్త్రవేత్తల్నే ఆశ్చర్యపరిచింది. వాళ్లు ఎలుకల క్యాన్సర్ కణాలు తీసుకున్నారు. మెథోట్రెక్సేట్ కొంచెం వేశారు. చాలా కణాలు చచ్చాయి, కొన్ని మిగిలాయి. మిగిలినవాటిని పెరగనిచ్చి, మందు ఇంకొంచెం పెంచారు. మళ్లీ కొన్ని మిగిలాయి. ఇలా మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోయారు. చివరికి మందులో మునిగి తేలుతూ హాయిగా బతికే కణాలు తయారయ్యాయి. వాటి కడుపులో ఏముందో చూశారు. మామూలు కణం కంటే ఫోలేట్ మరలు సుమారు 200 రెట్లు ఎక్కువ ఉన్నాయి!

ఊళ్లో ఒక్క మర ఉంటే ఒక్క రాయి చాలు. ఊరంతా పస్తే. అదే 200 మరలు పెట్టుకుంటే? మీరు వేసే రాళ్లు ఓ యాభై మరల్ని ఆపుతాయి. మిగతా 150 ఆడుతూనే ఉంటాయి. ఊరికి పిండి అందుతూనే ఉంటుంది. రాయి మంచిదే. రాళ్లు చాల్లేదు.

ఆ మరలు ఎక్కడినుంచి వచ్చాయన్నది ఇంకా పెద్ద వింత. మర తయారీ పద్ధతి రాసి ఉన్న జన్యువు ఉంటుంది కదా, ఆ కణాలు ఆ జన్యువునే పదులూ వందలూ ప్రతులు తీసుకున్నాయి. జన్యువులు తల్లిదండ్రుల నుంచి ఎన్ని వస్తే అన్నే ఉంటాయి, మారవు అనుకునే రోజులవి. మందు తాకిడికి ప్రతులు పెరిగిన కణాలు కనిపించేసరికి చాలామంది మొదట నమ్మలేదు. ఇంకో సంగతి. మందు ఆపేసి కొన్నాళ్లు పెంచితే, కొన్ని రకాల కణాల్లో ఆ అదనపు ప్రతులు మెల్లగా జారిపోయాయి కూడా. అవసరం లేని మర ఎవరు పెట్టుకుంటారు?

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. కణం ఏదీ నేర్చుకోలేదు. "మందు వస్తోంది, మరలు పెంచుకుందాం" అని ఏ కణమూ ఆలోచించలేదు. కోట్ల కణాల్లో ఏవో కొన్నిట్లో ముందే, కాకతాళీయంగా, రెండో మూడో మరలు ఎక్కువ ఉన్నాయి. మందు కొంచెం వేస్తే ఒక్క మర ఉన్నవి చచ్చాయి, మూడు మరలవి మిగిలాయి. వాటి పిల్లల్లో ఆరు మరలవి ఏవో పుట్టాయి. మందు ఇంకొంచెం వేస్తే మూడు మరలవి చచ్చి ఆరు మరలవి మిగిలాయి. చాలీచాలని మందు చేసే పని ఇదే. బలహీనమైనవాటిని ఏరి పారేసి, మొండివాటికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. ఈ వాక్యం మళ్లీ చెప్తాను. చాలీచాలని మందు బలహీనమైన కణాల్ని చంపి, మొండి కణాలకు చోటు ఖాళీ చేసి పెడుతుంది.

తరవాత రొమ్ము క్యాన్సర్ కణాల మీద కూడా ఇలాంటి పరీక్షలు జరిగాయి. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడే రొమ్ము క్యాన్సర్ కణాల జాతి ఒకటుంది. దాని పేరు ఎంసీఎఫ్-7. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు నుంచి తీసిన కణాలవి. ఆ తల్లి పోయి యాభై ఏళ్లు దాటింది. కణాలు ఇప్పటికీ పెరుగుతున్నాయి. వాటిలోనూ మెథోట్రెక్సేట్‌కు లొంగనివి తయారయ్యాయి, ఫోలేట్ మరలు పెరిగి. వేరే రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఇంకో ఎత్తు కనిపించింది. మరలు పెరగలేదు. మరగదికి తలుపు మూసుకున్నాయి. రాయి లోపలికే రాలేదు. ఇంకొన్ని రకాల కణాల్లో మర నోరే కాస్త వంకర తిరిగింది. గింజ పడుతుంది, రాయి పట్టదు. ఇవన్నీ చాలవన్నట్టు, లోపలికి వచ్చిన మందును ఎత్తి బయట పారబోసే పంపులు కూడా కొన్ని కణాలకు ఉంటాయి.

ప్రయోగశాలను మరీ గుడ్డిగా నమ్మకూడదనడానికి ఒక కథ చెప్తాను. అడ్రియామైసిన్ అని ఎర్రటి కీమో మందు ఉంది. చాలామంది ఎర్ర మందు అనే అంటారు. ఆ మందుకు లొంగని రొమ్ము క్యాన్సర్ కణాలని పేరుపెట్టి ఏళ్ల తరబడి ఒక కణజాతి మీద బోలెడు పరిశోధన చేశారు. అందులో ఫలానా ఎంజైమ్ ఎన్నో రెట్లు పెరిగిందని పత్రాల మీద పత్రాలు వచ్చాయి. తీరా జన్యువులు పోల్చి చూస్తే అవి రొమ్ము కణాలే కావు! అండాశయ క్యాన్సర్ కణాలు. ఎక్కడో ఏ సీసాలోనో కలిసిపోయాయి. అందుచేత ప్రయోగశాల పళ్లెంలో చూసిందంతా పేషెంటు ఒంట్లో జరిగిపోతుందని ఎవరైనా చెప్తే కాస్త ఆగి వినండి. పేషెంటు కణితిలో ఒక్క మర పెరగడం కాదు, నాలుగైదు ఎత్తులు ఒకేసారి నడుస్తుంటాయి. ఏది ఎంత అన్నది మనిషి మనిషికీ మారుతుంది.

సరే, రాయి ఇరికే మర గురించి చెప్పాను. ఇప్పుడు రాయినే పిండి చేసే మర.

సైక్లోఫాస్ఫమైడ్ అని ఒక మందు. ఇవాళ్టికీ రొమ్ము క్యాన్సర్ కీమోలో దీనికి పెద్దపీట. ఇది సీసాలో ఉన్నప్పుడు నిద్రపోతున్న మందు. కాలేయంలోకి వెళ్లి, అక్కడి ఎంజైముల చేతిలో పడి, అప్పుడు మేల్కొంటుంది. మేల్కొన్నాక కణాల డీఎన్‌ఏను కట్టి పడేస్తుంది. కానీ ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఉంది. ఈ మర ఏ కణంలో ఎక్కువ ఉంటే, ఆ కణం మందును దెబ్బ తగలకముందే నలిపి పనికిరాకుండా చేస్తుంది.

విచిత్రమేమిటంటే ఈ మర మనకు మేలే చేస్తోంది. ఎముక మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాల్లో ఇది నిండుగా ఉంటుంది. అందుకే సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చాక తెల్లకణాలు పడిపోయినా మళ్లీ లేస్తాయి. మూలకణాలు తమని తాము కాపాడుకుంటాయి కాబట్టి. అదే కవచం రొమ్ము కణితి కూడా తొడుక్కుంటే? నార్మన్ స్లాడెక్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2002లో ఇదే చూశారు. ఇతర చోట్లకు పాకిన రొమ్ము కణితుల ముక్కల్లో ఈ ఎంజైమ్ ఎంత ఉందో కొలిచారు. సైక్లోఫాస్ఫమైడ్ తగిలాక కూడా బతికిన కణాల్లో అది ఎక్కువుంది. మందుకు తగ్గని కణితుల్లోనూ ఎక్కువుంది. అదే కుటుంబంలో ఇంకో ఎంజైమ్‌ను కొలిస్తే మాత్రం అలాంటి తేడా కనిపించలేదు. పేరు ఒకటే, ఇంటి పేరూ ఒకటే, పని మాత్రం వేరు. ఇలాంటి చోట తొందరపడి తీర్పులు చెప్పకూడదు. ఈ పరీక్ష ఇవాళ మామూలుగా ఆసుపత్రుల్లో చెయ్యరు. అడిగి డాక్టర్ని ఇబ్బంది పెట్టకండి.

ఎంజైమ్ ఎక్కువుంటే ఎప్పుడూ కీడేనా? కాదు. కేపెసిటాబిన్ అనే మాత్ర మీలో కొందరి ఇళ్లలో ఉండి ఉంటుంది. అది కూడా నిద్రపోయే మందే. ఒంట్లో రెండు మూడు మెట్లు దిగి, చివరి మెట్టు దగ్గర థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమ్ చేతిలో పడితేనే మందుగా మారుతుంది. ఆ ఎంజైమ్ చాలా కణితుల్లో పక్క కణజాలం కంటే ఎక్కువుంటుంది. అంటే కణితి తన మరలో తనకు విషం తానే ఆడించుకుంటుందన్నమాట. ఎత్తుకు పైఎత్తు వేసిన ఈ మందు నాకు మహా ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు మిలాన్ వెళ్దాం, ఇటలీకి. అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థలో జాన్నీ బొనడొన్నా అనే డాక్టరు 1970లలో ఒక ఆలోచన అమల్లో పెట్టారు. ఒకే మందు ఇస్తే కణితి కొన్నాళ్లకు లొంగడం మానేస్తోంది. మూడు రకాల మందులు ఒకేసారి ఇస్తే? సైక్లోఫాస్ఫమైడ్, మన మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్. మూడూ మూడు చోట్ల దెబ్బ కొడతాయి. మూడిటికీ ఒకేసారి లొంగని కణం దొరకడం కష్టం. ఆపరేషన్ అయ్యి, చంకలోని లింఫ్ గ్రంథులకు కూడా క్యాన్సర్ పాకిన ఆడవాళ్లకు ఇచ్చారు. 1976లో మొదటి ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ ఒక్కటే జరిగిన 179 మందిలో అప్పటికే 24 శాతానికి జబ్బు తిరగబెట్టింది. మందులు వాడిన 207 మందిలో 5 శాతానికి మాత్రమే. భీమవరంలో పుట్టినాయన ప్రయోగశాల మందు మిలాన్‌లో ఆ మూడిటిలో ఒకటిగా నిలబడింది.

ఇవాళ ఆ మూడు మందుల జట్టును అంతగా వాడట్లేదు. వాటి చోట కొత్త జట్లు వచ్చాయి. కానీ ఆ అధ్యయనం నుంచే మన ఇంటి పనికి వచ్చే లెక్క ఒకటి 1981లో బయటికి వచ్చింది. నేను ఈ ప్రసంగం ఒప్పుకున్నదే ఆ లెక్క చెప్పడానికి.

బొనడొన్నా ఒక పని చేశారు. పేషెంట్లు అసలు ఎంత మందు వాడారో చూశారు. రాసిచ్చినంతా అందరూ వాడలేదు. వాంతులనీ, నీరసమనీ, వయసనీ కొందరికి తగ్గించారు. రాసిన మందులో 85 శాతం, ఆ పైన వాడినవాళ్లను ఒక వైపు పెట్టారు. 65 శాతం కూడా వాడనివాళ్లను ఇంకో వైపు పెట్టారు. అయిదేళ్ల తరవాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మొదటి గుంపులో నూటికి 77 మంది. రెండో గుంపులో 48 మంది. మరి మందు అసలే వాడని గుంపులో? 45 మంది. మళ్లీ చెప్తాను. నిండుగా వాడినవాళ్లలో 77. సగం సగం వాడినవాళ్లలో 48. అసలు వాడనివాళ్లలో 45. సగం సగం వాడినవాళ్లు వాంతులు పడ్డారు, జుట్టు పోగొట్టుకున్నారు, ఆసుపత్రి చుట్టూ తిరిగారు. దక్కింది మాత్రం దాదాపు ఏమీ లేదు.

ఈ లెక్క వెనక్కి తిరిగి చూసి వేసిందే కాబట్టి, ఒంట్లో ఓపిక లేనివాళ్లే తక్కువ వాడి ఉంటారేమో అని అప్పట్లో అభ్యంతరం వచ్చింది. సరైన అభ్యంతరమే. దానికి జవాబు 1994లో అమెరికా నుంచి వచ్చింది. పదిహేను వందలకు పైగా ఆడవాళ్లను ముందుగానే మూడు గుంపులు చేసి, ఎక్కువ, మధ్యస్థం, తక్కువ మోతాదుల్లో మందు ఇచ్చి చూశారు. తక్కువ మోతాదు గుంపు వెనకబడింది. తేదీల సంగతి 2003లో తేలింది. మూడు వారాలకోసారి ఇచ్చే మందునే, తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ తోడుపెట్టి రెండు వారాలకోసారి ఇస్తే తిరగబెట్టడం తగ్గింది. మందు అంతే. మధ్యలో ఎడం తగ్గిందంతే. ఎడం ఎక్కువైతే మిగిలిన కణాలకు కోలుకునే తీరిక దొరుకుతుంది.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. మూడో సైకిల్ తేదీ సంక్రాంతి వారంలో పడింది. "పండక్కి పిల్లలు వస్తారు, తరవాత వెళ్దాంలే" అంటుంది ఆ తల్లి. తన ఆరోగ్యం కంటే అరిసెల పాకం ముఖ్యం ఆవిడకి. ఇంకో ఇంట్లో మేనకోడలి పెళ్లి. ఇంకో ఇంట్లో నాట్లు, తోడు వచ్చేవాళ్లు లేరు. ఇంకో చోట ఆరోగ్య పథకం కార్డు మీద పని కాలేదని, డబ్బు చూసుకుని వెళ్దామని ఆగుతారు. ఇంకో చోట ఎవరో పసరు మందు చెప్పారు, రెండు సైకిళ్లు ఆపి అది వాడి చూద్దామనుకున్నారు. ఈ చివరిదాని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. కీమోకు, పసరుకు మధ్య ఆగిన ఆ నెలన్నరలో కణితి ఖాళీగా కూర్చోదు. మొదటి రెండు సైకిళ్లు ఒక్క మర కణాల్ని ఊడ్చేశాయి. మిగిలినవి మొండివి. వాటికి మీరు నెలన్నర సెలవు ఇచ్చారు.

గడ్డ తగ్గిందని ఆపేసేవాళ్లూ ఉన్నారు. చేతికి తగలట్లేదు కదా, ఇంకెందుకు అంటారు. చేతికి తగిలే గడ్డలో కోట్ల కణాలుండాలి. చేతికి తగలకపోవడమంటే కణాలు తగ్గాయని అర్థం, పోయాయని కాదు. తగ్గినప్పుడు మిగిలేవే అన్నిటికంటే మొండివి.

అలాగని నిండు మోతాదంటే ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. 1990లలో ఆ దారిలో చాలా దూరం వెళ్లి చూశారు. మామూలుకు అనేక రెట్లు మందు ఇచ్చి, పాడైన మూలుగ చోట మూలకణాలు మళ్లీ ఎక్కించేవారు. దక్షిణాఫ్రికాలో ఒక డాక్టరు అద్భుత ఫలితాలు చూపించారు. అవి కల్పితమని 2000లో తేలింది. నిజాయితీగా జరిగిన అధ్యయనాల్లో ఆ చికిత్స మామూలు కీమోను దాటలేకపోయింది. ఆ దారి మూతపడింది. ఇందాక చెప్పిన 1994 అధ్యయనంలో కూడా, తరవాత ఎక్కువకాలం చూస్తే, మధ్యస్థ మోతాదుకు ఎక్కువ మోతాదుకు తేడా నిలబడలేదు. కాబట్టి నిండు మోతాదంటే మీ ఒంటికి సరిపడా డాక్టరు రాసినంత. అంతకు తక్కువ వద్దు, ఎక్కువ వద్దు.

డాక్టరే తగ్గించాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఫ్లోరోయురాసిల్‌ను, కేపెసిటాబిన్‌ను ఒంట్లోంచి తుడిచేసే ఎంజైమ్ ఒకటి కాలేయంలో ఉంటుంది. దాన్ని డీపీడీ అంటారు. కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. వాళ్లకు మామూలు మోతాదే విషమవుతుంది. మొదటి సైకిల్‌లోనే నోరు భరించలేనంత పూస్తుంది, విరేచనాలు ఆగవు, తెల్లకణాలు పడిపోతాయి. ఈ మందులు మొదలుపెట్టకముందే ఈ ఎంజైమ్ పరీక్ష చెయ్యాలని ఐరోపాలో 2020 నుంచి సూచిస్తున్నారు. కాబట్టి మందు తీసుకున్నాక అలాంటి బాధ మొదలైతే "కీమో అంటే ఇంతేలే" అని పళ్ల బిగువున ఓర్చుకోకండి. అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. జ్వరం వచ్చినా అంతే. 100 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగొద్దు.

తేడా గమనించండి. తెల్లకణాలు తక్కువున్నాయని డాక్టరు వారం వాయిదా వేస్తే అది వైద్యం. పండగ ఉందని మనం వారం వాయిదా వేస్తే అది కణితికి సాయం. వెళ్లలేని కారణం వస్తే ముందే వార్డుకు ఫోన్ చేసి చెప్పండి. "రాలేకపోతున్నాం, ఎప్పుడు రమ్మంటారు?" అని అడగండి. ఒకటి రెండు రోజులు సర్దడం వాళ్లకు కష్టం కాదు. చెప్పాపెట్టకుండా మానేస్తే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. కార్డు పనులు, రక్తపరీక్ష, తోడు వచ్చే మనిషి, ఇవన్నీ తేదీకి మూడు రోజుల ముందే చూసుకోండి. ఇంకొకటి. బలానికని మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ మాత్రలు మీ అంతట మీరు కొని మింగకండి. ఇందాక చెప్పాను కదా, కొన్ని మందులు ఫోలేట్ దారిలోనే పనిచేస్తాయి. కొన్నిటికి ఫోలిక్ యాసిడ్ అడ్డుపడుతుంది, కేపెసిటాబిన్ లాంటివాటికైతే విషాన్ని పెంచుతుంది. ఏ మాత్ర వాడుతున్నా డాక్టరుకు చూపించండి.

కీమో తరవాత కొందరికి అయిదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువకాలం మాత్రలు రాస్తారు. టామాక్సిఫెన్ అనో లెట్రజోల్ అనో ఉంటుంది. అవీ ఎంజైముల కథే. లెట్రజోల్, ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ను తయారుచేసే అరోమటేజ్ అనే మరలో రాయి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఆ మర ఒంటి కొవ్వులో, రొమ్ము కొవ్వులో కూడా ఆడుతుంటుంది. టామాక్సిఫెన్ కాలేయంలో ఒక ఎంజైమ్ చేతిలో పడి ఇంకా చురుకైన మందుగా మారుతుంది. పారాక్సెటిన్ లాంటి కొన్ని దిగులు మందులు ఆ ఎంజైమ్‌ను ఆపుతాయి. అందుకే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు టామాక్సిఫెన్ వాడుతున్నామని తప్పకుండా చెప్పాలి. ఆ మాత్రలు మధ్యలోనే ఆపేసేవాళ్లు చాలామంది. కీళ్ల నొప్పులని, వేడి ఆవిర్లని. ఆపకండి. నొప్పులకు దారి అడగండి.

ఇన్ని చేసినా కొందరికి జబ్బు తిరగబెడుతుంది. అది పేషెంటు తప్పూ కాదు, ఇంట్లోవాళ్ల తప్పూ కాదు. తేదీలన్నీ పాటించినవాళ్లకూ రావచ్చు. అప్పుడు ఒక్క సంగతి అడగండి. "అవకాశం ఉంటే మళ్లీ ముక్క పరీక్ష చేస్తారా?" అని. ఎందుకంటే తిరిగొచ్చిన కణితి మొదటి కణితి కాదు. మధ్యలో మందులు దాన్ని వడపోశాయి. మొదటి రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్-టూ అని మూడు పరీక్షలు రాసి ఉంటాయి. అందులో హెర్-టూ కూడా ఒక రకం ఎంజైమే. కణాన్ని పెరగమని లోపలికి కబురు పంపే ఎంజైమ్. మొదట పాజిటివ్ ఉన్నది తరవాత నెగటివ్ కావచ్చు. నెగటివ్ ఉన్నది పాజిటివ్ కావచ్చు. ఈస్ట్రోజన్ పట్టుకునే చోటు, అంటే ఈఆర్, మందులకు లొంగకుండా రూపం మార్చుకుని ఉండవచ్చు. అలాంటి మార్పు ఉన్నవాళ్ల కోసమే ఎలసెస్ట్రెంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. పాత రిపోర్టు చూసి కొత్త జబ్బుకు మందు రాయడం కంటే, కొత్త ముక్క చూసి రాయడం మేలు.

ఆ పరీక్షకు మొదటి ఆపరేషన్‌లో తీసిన ముక్క కూడా పక్కన పెట్టి పోల్చాల్సి రావచ్చు. దాన్ని మైనంలో దించి చిన్న దిమ్మలా భద్రం చేస్తారు. బ్లాక్ అంటారు. ఆసుపత్రి మారినప్పుడు రిపోర్టులతో పాటు బ్లాక్ కూడా అడిగి తీసుకోండి. రశీదు ఇస్తారు. ఎండ తగలని చోట, వేడి లేని చోట పెట్టండి. మైనం కరిగితే ముక్క పాడవుతుంది. ప్రతి సైకిల్ తేదీ, ఇచ్చిన మందు పేరు, మోతాదు, వాయిదా పడితే ఎందుకు పడింది, ఇవి ఒక నోటు పుస్తకంలో రాసుకుని ఆ ఫైల్లోనే పెట్టండి. తరవాత చూసే డాక్టరుకు మొదట కావాల్సింది అదే.